నీటి ఒడ్డున అరువు సోయగం: అడ్వాన్సు ఇచ్చే ముందు ఆగండి

చెరువు ఒడ్డున విల్లా, జలాశయం ఎదుట బంగళా, సముద్రం కనబడే గుట్ట మీద ఫ్లాటు అంటూ ఎవరైనా మీ చేతిలో రంగుల బ్రోచర్ పెడితే ఆగండి. ఆ రోజే టోకెన్ అడ్వాన్సు ఇవ్వకండి. ఆ ఇంటి ముంగిలి ఇటలీలోదిలా, వీధి స్పెయిన్‌లోదిలా, పచ్చిక ఇంగ్లండులోదిలా కనిపిస్తే ఇంకా ఎక్కువ రోజులు ఆగండి. అందమైన ఇల్లు కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ కాళ్ల కింది నేలతో ఏ సంబంధమూ లేని బొమ్మను నమ్మి జీవితమంతా కూడబెట్టిన డబ్బు పోగొట్టుకుంటున్న కుటుంబాలు ఏటేటా పెరుగుతున్నాయి. కొన్నిచోట్ల ప్రాణాలే పోతున్నాయి. అందుకే ఈ హెచ్చరిక.

అలాంటి బొమ్మను నిజంగా కట్టేస్తే ఏమవుతుందో చూపించే ఊరు మన పొరుగు రాష్ట్రంలోనే ఉంది. పుణె నుంచి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో, సహ్యాద్రి కొండల మధ్య, వరస్‌గావ్ జలాశయం ఒడ్డున ఉన్న లవాసా. పుణెలో ఉద్యోగాలు చేసే తెలుగు యువతకు అది శనాదివారాల షికారు. ఫొటోలు దిగి వచ్చేస్తారు. అక్కడ ఇళ్లు కొన్నవాళ్ల కథ మాత్రం ఫొటోల్లో కనిపించదు. ఆ కథ మనకు ఇప్పుడు చాలా అవసరం. ఎందుకంటే అదే నమూనా, అవే మాటలు మన చెరువుల ఒడ్డుకు వచ్చి చేరాయి.

దాస్వే వీధుల్లో నడిస్తే

ఘాట్ రోడ్డు మలుపులన్నీ దాటి కిందికి దిగితే దాస్వే వస్తుంది. అనుకున్న మహానగరంలో ఊరిలా కనిపించే భాగం ప్రధానంగా ఇదే. నీటి అంచున ఒకదాన్నొకటి ఆనుకుని అంతస్తుల ఇళ్లు. పసుపు, ఇటుక ఎరుపు, లేత నారింజ, మీగడ రంగు గోడలు. కింద కమానుల నడవా, పైన బుల్లి బాల్కనీలు, ఆపైన ఎర్ర పెంకుల కప్పు. ఒక వీధి పేరు పోర్టోఫినో. ఇటలీలోని లిగూరియా తీరంలో జాలర్ల రేవుగా పెరిగిన ఊరు పోర్టోఫినో. దాని పోలికలోనే దాస్వేను తీర్చిదిద్దారు. తలెత్తి చూస్తే మాత్రం సహ్యాద్రి: మెట్లు మెట్లుగా లేచిన నల్లరాతి కొండ, వానాకాలంలో ప్రతి పగులులోంచీ దూకే జలపాతం, వాలులో వరి మడులు, కాత్కరీ గిరిజనుల గూడేలు. ఊరిదొక దేశం, కొండదొక దేశం అన్నట్టుంటుంది.

తొలి గంట ముచ్చటగానే గడుస్తుంది. ఆ తర్వాత గోడల దగ్గరకు వెళ్లి చూడాలి. పోర్టోఫినో వేసవి పొడిగా ఉంటుంది, వానలు ఎక్కువగా శరత్కాలం, చలికాలాలవి. అక్కడ రంగు గోడ ఎండకు మెరుస్తుంది. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోడ ఆరడానికి వాన సందు ఇవ్వదు. అందుకే ఈ కొండల్లోని పాత ఇళ్లకు కప్పు బాగా వాలుగా ఉంటుంది, చూరు గోడను దాటి ముందుకు వస్తుంది. వాన గోడను తాకక ముందే నేల మీద పడాలని పెద్దలు కట్టుకున్న తీరు అది. ఎత్తయిన చదును గోడకు ఆ రక్షణ లేదు. కిటికీ కింద నీరు జారిన చోట నల్లటి చారలు, బాల్కనీ అడుగున నాచు, రంగు పెచ్చులూడిన చోట సిమెంటు బయటపడుతుంది. ఏటా రంగులు వేయించే యజమాని ఉన్నంతకాలం ఇవి కనబడవు. ఆ యజమాని చేతులెత్తేసిన మరుసటి వానాకాలం నుంచి కనబడతాయి.

నీటి సంగతీ అంతే. బ్రోచర్‌లో సరస్సు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. వరస్‌గావ్ సహజమైన సరస్సు కాదు, మోసే నది మీద కట్టిన డ్యామ్ వెనుక నిలిచిన నీరు. పన్‌షేత్, టేమ్‌ఘర్, ఖడక్‌వాస్లాలతో కలిసి పుణె నగరపు దాహం తీర్చే నాలుగు జలాశయాల్లో అదొకటి. వేసవిలో నగరం నీళ్లు తాగుతున్న కొద్దీ మట్టం దిగిపోతుంది, ఒడ్డు వెంట మట్టి, రాళ్లు బయటపడతాయి. మీ బాల్కనీ కోసం ఆ నీరు నిండుగా ఉండాలంటే ఎక్కడో ఒకరి కుళాయి ఎండాలి. లవాసా మీద పుణె పౌర సంఘాలు మొదటి నుంచీ ఎత్తిచూపిన అభ్యంతరాల్లో ఇది ముఖ్యమైనది.

పురస్కారాలు వచ్చాయి, ఇళ్లు రాలేదు

2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ఇక్కడి 18 గ్రామాల ప్రాంతాన్ని హిల్ స్టేషన్‌గా అభివృద్ధి చేయడానికి నోటిఫికేషన్ ఇచ్చింది. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆధ్వర్యంలోని లవాసా కార్పొరేషన్ రంగంలోకి దిగింది. లెక్క ప్రకారం సుమారు 25 వేల ఎకరాల్లో అయిదు పట్టణాలు, మూడు లక్షల జనాభా. అమెరికాకు చెందిన ప్రఖ్యాత రూపకల్పన సంస్థ హెచ్ఓకే ప్రణాళిక గీసింది. అడవి వాన నీటిని ఎలా ఆపుకుంటుందో, ఎలా ఇంకించుకుంటుందో గమనించి అలాగే ఊరిని కడతామని రూపకర్తలు చెప్పారు. 2005లో ఆ ప్రణాళికకు అంతర్జాతీయ పురస్కారం కూడా దక్కింది. పురస్కారం కాగితం మీది గీతలకు వచ్చింది. మనవాళ్లు దాన్ని ఇళ్లకు వచ్చిన హామీగా తీసుకున్నారు.

2008లో ఆ కంపెనీకే ప్రత్యేక ప్రణాళికా సంస్థ హోదా ఇచ్చారు. అంటే ఇళ్లు కట్టి అమ్మేవాళ్లూ, ఆ ప్రాంతంలో కట్టడాలకు అనుమతులిచ్చేవాళ్లూ ఒక్కరే అయ్యారు. కొనుగోలుదారు తరఫున ప్రశ్న అడగాల్సిన కుర్చీలో అమ్మకందారు కూర్చున్నాడు. 2010 నవంబరులో కేంద్ర పర్యావరణ శాఖ పనులు నిలిపివేయమని నోటీసు ఇచ్చింది. అవసరమైన పర్యావరణ అనుమతి లేకుండానే కొండలు తవ్వారన్నది అభియోగం. దాదాపు ఏడాది పనులు ఆగిపోయాయి. 2011 నవంబరులో మొదటి దశకు మాత్రమే, అదీ షరతులతో అనుమతి వచ్చింది. ఈలోగా వడ్డీ ఆగలేదు, వాయిదాలు కట్టిన కుటుంబాల అద్దెలూ ఆగలేదు. 2017లో ప్రత్యేక హోదాను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

2018 ఆగస్టులో లవాసా కార్పొరేషన్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అప్పులవాళ్ల క్లెయిములు ఆరు వేల కోట్ల రూపాయలు దాటాయి. 837 మంది ఇళ్ల కొనుగోలుదారుల క్లెయిములు అంగీకరించారు, వాటి విలువ 409 కోట్లు. అయిదేళ్ల తర్వాత, 2023 జూలైలో, 1,814 కోట్ల పరిష్కార ప్రణాళికకు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదం తెలిపింది. డబ్బు ఎనిమిదేళ్లలో చెల్లించాలి, ఇళ్లు పర్యావరణ అనుమతి వచ్చాక అయిదేళ్లలో ఇవ్వాలి, కొనుగోలుదారులు వాస్తవ నిర్మాణ ఖర్చు భరించాలి. అదైనా నిలబడిందా అంటే లేదు. చెల్లింపులు జరగక 2024 సెప్టెంబరులో ఆ ప్రణాళిక రద్దయింది, కొత్త కొనుగోలుదారు కోసం వెతుకులాట మళ్లీ మొదలైంది. ముప్పై ఏళ్ల వయసులో అడ్వాన్సు కట్టినవాళ్లకు యాభై దగ్గరపడుతోంది.

డబ్బు పోవడం ఒక ఎత్తు, ప్రాణాపాయం మరో ఎత్తు. 2024 జూలై చివరి వారంలో లవాసాలో ఒక్కరోజే 400 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. కొండచరియ విరిగి బంగళాల మీద పడింది. మట్టి కింద ఎవరున్నారో తెలుసుకోవడానికి సహాయక బృందాలు వెతకాల్సి వచ్చింది.

కొండ ఎందుకు జారుతుంది

సహ్యాద్రి నల్లరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పైన మెత్తబడిన రాయి, మొరం, మట్టి. భారీ వాన కురిసినప్పుడు నీరు మట్టిలోంచి దిగి కింది గట్టి రాతి దగ్గర ఆగుతుంది. అక్కడ చేరిన నీటి ఒత్తిడి పై మట్టిని రాతి మీద నుంచి వదులు చేస్తుంది. చెట్ల వేళ్లు, వాలు పాదంలోని మట్టి దాన్ని పట్టి ఉంచుతాయి. రోడ్డు కోసమో, విల్లా కోసమో పాదాన్ని నిలువుగా కోసేస్తే ఆ ఆసరా పోతుంది. కోసిన మట్టిని దిగువన పోసి చదును చేస్తే అక్కడ ఇంకో వదులు నేల తయారవుతుంది. ఆ రెండింటి మధ్య ఇల్లు నిలబడుతుంది. ఎండాకాలంలో చూడటానికి వచ్చినవాళ్లకు ఇందులో ఏదీ కనబడదు.

ఇదే పుణె జిల్లాలో మాళిన్ అనే గ్రామం 2014 జూలై 30న కొండచరియ కింద పడి మాయమైంది. 151 మంది చనిపోయారు. సరిగ్గా పదేళ్లకు, 2024 జూలై 30న, ఇవే పడమటి కనుమల్లో కేరళ వయనాడులో ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయి రెండు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. మాళిన్‌లో ఇటలీ బంగళాలు లేవు, వయనాడులోనూ లేవు. ఆ కొండల స్వభావమే అంత. అలాంటి కొండను ఏళ్ల తరబడి తవ్వి, పైన గచ్చు పరిచి, వాన నీరు ఇంకే దారి మూసేస్తే ప్రమాదం పెరుగుతుందే గానీ తగ్గదు. పడమటి కనుమల మీద మాధవ్ గాడ్గిల్ సంఘం 2011లో ఇచ్చిన నివేదిక చెప్పిన జాగ్రత్తల సారం ఇదే. వాటిని పక్కన పెట్టిన మూల్యం ప్రతి జూలైలో చెల్లిస్తున్నాం.

షికారుకు వెళ్లేవాళ్లకూ ఒక మాట. వాతావరణ శాఖ రెడ్, ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో ఘాట్ రోడ్లెక్కకండి. 2024 జూన్ 30న లోనావలాలో భూషీ డ్యామ్ దగ్గర జలపాతంలో ఒకే కుటుంబంలోని అయిదుగురు కొట్టుకుపోయారు. నీళ్లు పెరగడానికి పట్టింది నిమిషాలే.

ఆ నీరు మన దాకా వస్తుంది

ఎక్కడో మహారాష్ట్రలో జరిగినదాంతో మనకేం పని అనుకోవద్దు. లవాసా కొండ మీద పడిన వాన మోసే నదిలోంచి ముఠాలోకి, పుణె దాటి ములా-ముఠా పేరుతో భీమలోకి, ఉజని జలాశయం మీదుగా తెలంగాణ సరిహద్దు దగ్గర కృష్ణలోకి చేరుతుంది. అక్కడి నుంచి జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, ప్రకాశం బరాజ్. ఎగువన తవ్విన కొండ మట్టి దిగువ జలాశయాల్లోనే పేరుకుంటుంది. 1961 జూలై 12న పన్‌షేత్ డ్యామ్ తెగి, దాని తాకిడికి ఖడక్‌వాస్లా కూడా గండిపడి పుణె మునిగిన సంగతి ఆ నగరం ఇంకా మరిచిపోలేదు. ఎగువ వాలులో ఏం చేస్తున్నామన్నది దిగువ ఊళ్ల బతుకు ప్రశ్న.

ఇక మన చెరువుల దగ్గరకు వద్దాం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ గుణపాఠంతో, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి పరీవాహకంలో 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు రాకుండా 1996లో జీవో 111 వచ్చింది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలాయి. అప్పటి నుంచి ఆ దిక్కున వెంచర్ల జోరు ఎలా ఉందో గండిపేట రోడ్డు మీద హోర్డింగులు చదివితే తెలుస్తుంది. ఒకచోట టస్కనీ, ఒకచోట వెనిస్, ఇంకోచోట శాంటోరిని. పేర్లు సముద్రాలు దాటి వచ్చాయి. సర్వే నంబర్లు మాత్రం మన రైతుల పట్టా పుస్తకాల్లోవే. హోర్డింగు మీద లేనివీ అవే.

2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో చెరువులు పొంగి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. టోలీచౌకి నదీమ్ కాలనీలో పడవలు తిరిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మేడల మొదటి అంతస్తు దాకా మునిగాయి. పాలు, మంచినీళ్లు పడవల్లో, డ్రోన్లలో పంపాల్సి వచ్చింది. అదే నెలలో హైదరాబాదులో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ యంత్రాలు చెరువు హద్దుల్లోని కట్టడాలను కూల్చాయి. అప్పు చేసి కొనుక్కున్నవాళ్లు, రిజిస్ట్రేషన్ కాగితాలు చేతపట్టుకుని, మా తప్పేమిటని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ ప్రశ్న అడగాల్సిన రోజు అడ్వాన్సు ఇచ్చిన రోజు. కోస్తాకు వెళ్తే ఉప్పాడ తీరంలో సముద్రం ఏటా ఇళ్లను మింగుతూనే ఉంది, రక్షణ గోడలనూ వదల్లేదు. నీరు పల్లమెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ పల్లంలో ఎంత ఖరీదైన విల్లా కట్టినా నీరు దారి మార్చుకోదు.

పట్టా ఉంది కదా అంటారు

అమ్మేవాళ్లు ముందుగా చూపించేది పట్టా. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. చెరువు పూర్తిగా నిండి అలుగు పారే వేళ నీరు ఎంతదాకా విస్తరిస్తుందో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ గీత లోపల శిఖం (చెరువు గర్భపు) భూములే కాదు, పట్టా భూములూ ఉంటాయి. నీరు తగ్గాక రైతు పంట వేసుకునేవాడు, నీరొస్తే వదిలేసేవాడు. పట్టా నిజమైనదే కావచ్చు. దాని మీద ఇల్లు కట్టే హక్కు మాత్రం లేదు. ఎఫ్‌టీఎల్ దాటాక బఫర్ జోన్ ఉంటుంది. తెలంగాణ నిబంధనల్లో 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకంటే పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. అమ్మకందారు గోడ కట్టి, పామ్ చెట్లు నాటి, వాకింగ్ ట్రాక్ వేసి చూపించే చోటు తరచుగా ఈ బఫరే.

రిజిస్ట్రేషన్ అయింది గనుక భయం లేదనుకోకండి. రిజిస్ట్రేషన్ అంటే అమ్మకం జరిగినట్టు నమోదు, అంతే. బ్యాంకు లోన్ ఇచ్చింది గనుక అంతా సవ్యమే అనుకోకండి. పంచాయతీ అనుమతి ఉందంటే సరిపోదు. రెరా నంబరు ఉందంటే ప్రాజెక్టు వివరాలు నమోదయ్యాయని అర్థం. ఆ స్థలం ఎఫ్‌టీఎల్ బయట ఉందని అది పూచీ పడదు. లవాసాకూ ప్రభుత్వ నోటిఫికేషన్ ఉంది, రాష్ట్ర అనుమతులు ఉన్నాయి, పెద్ద బ్యాంకుల అప్పులున్నాయి. పైన పటారం చూసి లోన లొటారం అడగని తొందరే అక్కడ అందరినీ ముంచింది.

కొనేముందు ఇవి చేయండి

స్థలాన్ని రెండుసార్లు చూడండి. ఒకసారి మే నెలలో, ఒకసారి పెద్ద వాన కురిసిన మర్నాడు. కంపెనీ కారులో వెళ్లకండి, సొంతంగా వెళ్లండి. గొర్రెల కాపరిని, చేపలు పట్టేవాళ్లను, పక్క పొలం రైతును అడగండి. మత్తడి దూకితే నీళ్లు ఎటు పోయేవి, తూము ఎక్కడుంది, వాగు పాత దారి ఏది అని అడగండి. ఊరి పెద్దకు తెలిసిన సంగతి ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

గ్రామ నక్షా తీసుకుని సర్వే నంబరు దాని మీద గుర్తించండి. హైదరాబాదు పరిసరాలైతే హెచ్‌ఎండీఏ చెరువుల పటాల్లో ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడ పడుతుందో చూడండి. నిషేధిత భూముల 22ఏ జాబితా చూడండి. పాత పహాణీల్లో శిఖం, నాలా, అసైన్డ్ అన్న మాటలేమైనా ఉన్నాయేమో లాయరుతో చదివించండి. ఉపగ్రహ చిత్రాల్లో పదేళ్ల, పదిహేనేళ్ల క్రితం ఆ స్థలం ఎలా ఉండేదో ఇప్పుడు ఎవరైనా ఫోనులో చూడొచ్చు. నీళ్లు కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి.

గుట్ట వాలైతే గోడలు చూడండి. మట్టిని ఆపే గోడకు కింద వరసగా చిన్న రంధ్రాలుండాలి, లోపలి నీరు బయటికి పోవాలి. వాన మర్నాడు ఆ రంధ్రాలు పొడిగా ఉండి, గోడ మధ్యలో చెమ్మ కనిపిస్తే అవి మూసుకుపోయాయని అర్థం. నీరు లోపలే నిలిచింది. గోడ కడుపు ముందుకు ఉబ్బినా, చెట్ల మొదళ్లు పల్లం వైపు వంగినా, రోడ్డు మీద నెలవంకలా పగులు కనిపించినా ఆ వాలు కదులుతోందన్నమాట. అలాంటి చోట ఇప్పటికే ఉంటున్నవాళ్లు భారీ వాన రాత్రి ఇల్లు వదిలి వెళ్లిపోవాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. కట్టడం 20 వేల చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ కాపీ అడగండి. అది ప్రాజెక్టు మొత్తానికా, మొదటి దశకేనా, షరతులేమిటి అని చదవండి. తాగునీరు ఏ పైపులోంచి వస్తుందో, మురుగు ఏ చెరువులోకి పోతుందో రాతపూర్వకంగా చెప్పమనండి. రెరా చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. ప్రీ లాంచ్, యూడీఎస్ (విభజించని భూమి వాటా), బై బ్యాక్ అంటూ మొత్తం డబ్బు ముందే అడిగితే అక్కడితో మాట ముగించండి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లకు ముఖ్యంగా చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చిన డ్రోన్ వీడియోలో నేల వాలు తెలియదు, ఎఫ్‌టీఎల్ గీత కనిపించదు. మీ తరఫున ఎవరైనా నమ్మకస్తులు ఆ మట్టి మీద నిలబడే దాకా డబ్బు పంపకండి.

ఇప్పటికే డబ్బు కట్టి చిక్కుకున్నవాళ్లు ఒంటరిగా తిరగకండి. తోటి కొనుగోలుదారులతో సంఘం పెట్టుకోండి. గడువుకు ఇల్లు ఇవ్వకపోతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడిగే హక్కు రెరా చట్టంలోని 18వ సెక్షన్ ఇస్తోంది. కంపెనీ దివాలాకు వెళ్తే గడువులోగా క్లెయిము దాఖలు చేయండి. 2018 నుంచి ఇళ్లు కొన్నవాళ్లకూ ఆర్థిక రుణదాతల హోదా ఉంది, నిర్ణయాల్లో ఓటుంది. దాన్ని వాడుకోండి.

పాలకులు చేయాల్సింది

జాగ్రత్త బరువంతా కొనేవాడి నెత్తిన పెట్టి ప్రభుత్వాలు తప్పుకోవడం కుదరదు. అనుమతి ఇచ్చేదీ వారే, తర్వాత కూల్చేదీ వారే అయితే మధ్యలో నలిగేది సామాన్యుడు. ప్రతి చెరువుకూ ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ ఇచ్చి, గట్టు చుట్టూ హద్దురాళ్లు పాతాలి. ఆ సర్వే నంబర్లలో భాగాలకు రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే తాళం పడాలి. నీటి ఒడ్డు ప్రాజెక్టు ప్రకటనలో చెరువు హద్దుకు ఎంత దూరమో, సముద్రమైతే తీర నియంత్రణ మండలిలో ఏ తరగతో పెద్ద అక్షరాల్లో వేయాలన్న నిబంధన రావాలి. విశాఖ గుట్టలైనా, వికారాబాదు గుట్టలైనా వాలు పటం చూడకుండా ఒక్క లేఅవుటూ పాసవకూడదు. తప్పుడు అనుమతి మీద సంతకం చేసిన అధికారికి కూల్చివేత నాడు బాధ్యత ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కట్టి అమ్మేవాడికే ప్రణాళికాధికారం అప్పగించే పొరపాటు, లవాసాలో జరిగినది, ఇక్కడ ఏ పేరుతోనూ జరగకూడదు.

మన ఊళ్లకు నీటి ఒడ్డున కట్టడం తెలియక కాదు. కాకతీయుల కాలం నుంచి చెరువు కట్ట మీద గుడి కట్టారు, ఆయకట్టుకు ఎగువన మెరక మీద ఊరు కట్టారు, నీరు నిలిచే చోటు నీటికి వదిలేశారు. నీరు ఎక్కడిదాకా వస్తుందో తెలుసుకున్నాకే పునాది తీశారు. కొత్త కాలపు ఇళ్లకు కొత్త రూపం ఉండవచ్చు. ఆ క్రమం మాత్రం మారకూడదు: ముందు నేల, తర్వాత నీరు, ఆపైన ఇల్లు, అన్నిటికంటే చివర రంగు.

ఈ పండగ సీజను ఆఫర్ల గడువు ఆదివారంతో ముగుస్తుందని ఎవరైనా మిమ్మల్ని తొందరపెడుతుంటే ఆ గడువు దాటనివ్వండి. సర్వే నంబరు అడగండి, నక్షా చూడండి, వాన మర్నాడు వెళ్లి నిలబడండి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి అమ్మేవాడు తడబడినా చెక్కు చింపేయండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.